బోరు ఎక్కడ వెయ్యాలి?

పిల్లలూ! ఒక పెరట్లో బోరు వేస్తే నీళ్ళు పడతాయి. పక్క పెరట్లో దుమ్మే లేస్తుంది. ఎందుకో తెలుసా?

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదునే తీసుకుందాం. ఆ ప్రాంతంలో నేల కింద బసాల్టు అనే నల్లరాయి ఉన్నది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావా పొరలు పొరలుగా పారి, చల్లారి ఏర్పడిన రాయి ఇది. గట్టి బసాల్టులోకి నీరు దిగదు. రాయి శిథిలమైన చోట, పగుళ్ళున్న చోట మాత్రమే నిలుస్తుంది. మెట్టలపైనున్న ఎర్రని లాటరైటు రాతిలో రంధ్రాలుంటాయి. వాననీరు వాటి గుండా కిందికి ఇంకుతుంది.

కంటికి కనిపించని ఈ నీటిని ఎలా వెదకడం? ఉపగ్రహ చిత్రాలలో పెద్ద పగుళ్ళు పొడవాటి గీతల్లా కనిపిస్తాయి. రాయి, నేల, వాలు, వాగులు, పగుళ్ళు - ఒక్కొక్కదానికి ఒక పటం గీస్తారు. ప్రాముఖ్యాన్ని బట్టి మార్కులు వేసి, పటాలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఎక్కువ మార్కులు వచ్చిన చోట నీరు దొరికే అవకాశం ఎక్కువ. చివరకు అక్కడి బావులతో సరిచూస్తారు.

హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 1:50,000 కొలమానంలో భూగర్భ జల పటాలు తయారుచేసింది. వాటిలో ఒక సెంటీమీటరు అంటే నేలమీద అర కిలోమీటరు! కనుక పటం ప్రాంతాన్ని చూపుతుందే గాని పెరటిని కాదు.

పెరిగే పట్టణానికి మరొక ఉపయోగమూ ఉన్నది. నీరు ఇంకే నేలను సిమెంటుతో కప్పేస్తే వాననీరు కాలువపాలవుతుంది, బోర్లు ఎండుతాయి. ఏ నేలను కప్పకుండా వదలాలో పటం ముందే చెబుతుంది.

పెద్దల సాయంతో మీ ఊరి బావిలో నీటిమట్టాన్ని వానాకాలానికి ముందు, తరువాత కొలిచి రాసుకోండి. తేడా ఎంత?