నల్లనివన్నీ కడక్‌నాథ్‌లేనా?

పాలకుర్తి, దేవరుప్పుల, తొర్రూరు వైపు పెరట్లో నాటుకోళ్లు పెంచేవాళ్లకు ఇప్పుడు కడక్‌నాథ్ పేరు కొత్తేమీ కాదు. కొనేముందు తోలు, నాలుక నల్లగా ఉన్నాయో లేదో చూస్తారు. అంతటితో సరిపోతుందా?

అపోహ: ఒళ్లంతా నలుపైతే అసలు జాతే.

వాస్తవం: ఇది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి. దాని మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తోలుకూ ఎముకలకూ నలుపునిచ్చే జన్యువు ప్రబలమైనది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి అందినా పిల్లకు నలుపు రావచ్చు. నాటు పెట్టకు పుట్టిన సంకరాన్ని అసలు ధరకు అంటగట్టే వ్యాపారికి ఇదే వరం. గుడ్డు, రక్తం కూడా నల్లగా ఉంటాయన్నది ఉత్త మాట: గుడ్డు లేత గోధుమరంగు, రక్తం ఎరుపే.

అపోహ: పుంజు ఏదైనా, పెట్ట ఏదైనా పిల్లలు ఒకటే.

వాస్తవం: తమాషా అంతా ఇక్కడే. నలుపును అణిచే మరో జన్యువు జెడ్ అనే లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పసుపు కాళ్ల కోళ్లలో సాధారణంగా అది కనిపిస్తుంది. పుంజుకు జెడ్‌లు రెండు, పెట్టకు ఒకటే, అదీ తండ్రి ఇచ్చినదే. అందుకని కడక్‌నాథ్ పుంజును పసుపు కాళ్ల పెట్టతో కలిపితే ఆడపిల్లలు చిక్కగా నల్లబడతాయి, మగవి వెలిసినట్టు వస్తాయి. జత తిరగేస్తే, నాటు పుంజు రెండు జెడ్‌ల మీదా ఆ జన్యువుంటే, పిల్లలన్నిటికీ నలుపు తగ్గుతుంది. బేట్సన్, పన్నెట్ 1911లోనే సిల్కీ కోళ్లలో ఈ చిక్కు గురించి రాశారు.

అపోహ: సంకర నల్లకోళ్లు రెండిటిని కలిపితే ప్రతి నాలుగు పిల్లల్లో ఒకటి నలుపు లేనిది.

వాస్తవం: అణిచే జన్యువును పక్కన పెట్టినా, నాలుగో వంతు అన్నది అవకాశం మాత్రమే. ప్రతి గుడ్డుకూ లెక్క మళ్లీ మొదలవుతుంది. పది గుడ్లలో ఒక్కటీ రాకపోవచ్చు, ఐదూ రావచ్చు.

మెడ మీద ఈకలు లేని కోళ్ల సంగతి వేరు. మెడను బోసి చేసే జన్యువు ఒక్క ప్రతే ఉంటే మెడ ముందు చిన్న ఈకల కుచ్చు మిగులుతుంది, రెండుంటే మెడ దాదాపు బోసి.

అపోహ: వనరాజా గుడ్లను ఇంట్లో పొదిగిస్తే వనరాజాలే పుడతాయి.

వాస్తవం: రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వేర్వేరు వరుసలను కలిపి తయారుచేసిన సంకరమది. రెండో తరంలో రంగూ బరువూ గుడ్ల సంఖ్యా చెదిరిపోతాయి. అదే దిగుబడి కావాలంటే ప్రతి విడతా పిల్లల్ని హేచరీ నుంచే తెచ్చుకోవాలి.