పంపే ముందు ఒక్క మాట అడిగారా?

"అమ్మా, నేనిక కాలేజీకి వెళ్లను. టీసీ తీసుకుని వచ్చేస్తాను" అని మా పెద్దమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసిన రోజున నేను గోంగూర పచ్చడికి పోపు పెడుతున్నాను. మెంతులు మాడి చేదెక్కిపోయాయి. ఆ సంగతి భోజనాల దగ్గర మావారు చెప్పేదాకా నాకు తెలియనే లేదు!

అమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. ఒక ఆదివారం తలంటుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, నైటీలోనే ఏదో కొత్త సినిమా పాటకి గదిలో డాన్సు చేసిందట. పక్క మంచం పిల్ల సరదాకి ఫోన్లో వీడియో తీసింది. అదేం పెద్ద తప్పు కాదు లెండి, ఆ వయసులో మనమూ రేడియో పెట్టుకుని గెంతినవాళ్లమే. ఆ పిల్ల దాన్ని తమ అంతస్తు ఆడపిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వాళ్లలో ఎవరో క్లాసు గ్రూపులోకి పంపారు. అక్కడ మగపిల్లలుంటారు కదా! ఒకడు మా అమ్మాయి నోరు తెరుచుకుని ఉన్న బొమ్మ ఒక్కటి కత్తిరించి స్టిక్కర్ చేశాడు. ఇక లెక్చరర్ రాలేదంటే ఆ స్టిక్కర్, పరీక్ష వాయిదా పడిందంటే అదే స్టిక్కర్. తొమ్మిది రోజులు క్లాసుకి వెళ్లకుండా గదిలో కూర్చుంది. హాజరు 75 శాతం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరన్న భయం ఒకవైపు, అందరి ముందుకీ వెళ్లలేని సిగ్గు ఒకవైపు.

నిజం చెప్పొద్దూ, నేను మొదట అన్నమాట ఏంటో తెలుసా? "అసలు నైటీలో ఆ గెంతులు ఎందుకే?" అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. ఎన్నిసార్లు చేసినా మళ్లీ ఎత్తలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక పక్కమీద దొర్లుతుంటే నా ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో కేసెట్ల షాపులో కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ కేసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. ఆ ఒక్క కేసెట్టూ ఐదారుగురు స్నేహితురాళ్ల ఇళ్లు తిరిగి, టేపు నలిగి, పెన్సిల్‌తో చుట్టుకుంటే గానీ మోగని స్థితిలో నా దగ్గరికొచ్చేది. కానీ ఎవరి దగ్గరుందో నాకు తెలిసేది. వెళ్లి అడిగితే తిరిగిచ్చేవాళ్లు. పక్కింటికి గిన్నెడు ఆవకాయ ఇస్తే మన జాడీలో గిన్నెడు తగ్గుతుంది. ఫోన్లో ఫైలు అలా కాదండీ. ఎంతమందికి పంపినా మన దగ్గర తగ్గదు, వెళ్లిన చోట మాత్రం ఒక్కోటీ ఒక జాడీ అయి కూర్చుంటుంది.

మా అబ్బాయికి ఇలాంటివన్నీ బాగా తెలుసు. 1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే కాలేజీ కుర్రాడు నాప్‌స్టర్ అని ఒకటి తయారుచేశాడట. దాంతో ఒకరి కంప్యూటర్లోని పాటలు ఇంకొకరు ఉచితంగా తీసుకోవచ్చు. అక్కడి కాలేజీ హాస్టళ్లలో పిల్లలు దాని మీద ఎగబడ్డారు. పాటల కంపెనీలు కోర్టుకెక్కితే 2001లో అది మూతపడింది. "మరి అప్పటికే పంచుకున్న పాటలో?" అనడిగాను. "అవెలా తిరిగొస్తాయమ్మా!" అన్నాడు వాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మన దగ్గర 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక హాస్టల్ మంచం మీదే సినిమా హాలు వచ్చేసింది. విడుదలైన రోజే సినిమా టెలిగ్రామ్‌లో దొరుకుతోందంటారు పిల్లలు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం దొంగతనంగా సినిమా రికార్డు చేసి పంచేవాళ్లకి కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా ఉంది. అంతకన్నా ముందు మన ఫోన్‌కే ముప్పు. సినిమా పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో చివర ఏపీకే అని ఉన్న ఫైలు వస్తే అది సినిమా కాదు, శుభలేఖ అంతకన్నా కాదు. ఫోన్లోకి దూరి బ్యాంకు మెసేజీలు చదివే దొంగ. దయచేసి తెరవకండి. పొరపాటున తెరిచి డబ్బు పోయిందా, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

సరే, మా అమ్మాయి సంగతికొస్తాను. మర్నాడు మొదటి బస్సెక్కి హాస్టల్‌కి వెళ్లాను. నన్ను చూసి ఏడ్చింది. కాస్త తేరుకున్నాక ఒక మాట అంది. "వాళ్లనంటున్నావు గానీ, నా ఓణీల ఫంక్షన్ ఫొటోలు నన్నడిగే స్టేటస్‌లో పెట్టావా? ఇంటర్ మార్కుల మెమో, దాని మీద నా హాల్ టికెట్ నంబరుతో సహా చుట్టాల గ్రూపులోకి పంపలేదూ? నాకు కామెర్లు వచ్చాయని నాకంటే ముందు పెదనాన్నవాళ్లకి తెలిసింది." ఏం చెప్పను? మెమో పంపినప్పుడు నా పిల్ల గొప్ప నాది అనుకున్నాను. అది దానిదని తోచలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. మన వంటింట్లోకి ఆ తీర్పు ఇంకా వచ్చినట్టు లేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ మెసేజీలన్నీ పేర్లు, తేదీలు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీశాం. కోపంలో ముందు అన్నీ చెరిపేస్తే రుజువే ఉండదు, గుర్తుంచుకోండి. వార్డెన్‌కి చూపించాం. వీడియో తీసిన పిల్ల "నవ్వుకుందామనే తీశాను ఆంటీ" అని కాళ్ల మీద పడబోయింది. చెడ్డపిల్ల కాదు, నాకు దాని మీద కోపమే రాలేదు. క్లాసు గ్రూపు అడ్మిన్‌ని పిలిపించి వార్డెన్ గట్టిగా మాట్లాడారు. అక్కడితో గ్రూపులో ఆగింది. కానీ స్టిక్కర్ దాచుకున్నవాళ్ల ఫోన్లలో అది ఉండనే ఉంది. ఇప్పటికీ ఎప్పుడైనా ఒకటి వస్తుందట.

ఇంతకన్నా అసహ్యమైన బొమ్మలైతే, బెదిరింపులొస్తే కాలేజీతో సరిపెట్టకండి. పోలీసులకి చెప్పండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. తెలంగాణలో అయితే షీ టీమ్స్ ఉన్నాయి. ఒప్పుకోని మనిషి మర్మాంగాల బొమ్మ తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ కింద 3 ఏళ్ల దాకా జైలు. పిల్ల చేతిలో ఫోన్ లాక్కుంటే మాత్రం ఏం లాభం లేదు. ఈసారి ఏదైనా జరిగితే మనకి చెప్పడం మానేస్తుంది, అంతే.

ఇంకో చిన్న పని. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ అని ఉంటుంది. అక్కడ మై కాంటాక్ట్స్ అని పెట్టుకుంటే ముక్కూమొహం తెలియనివాళ్లు మనల్ని గ్రూపుల్లోకి లాగలేరు. ఫోన్ రిపేరుకిచ్చేటప్పుడు లాక్ నంబరు కాగితం మీద రాసి అంటించి ఇస్తాం చూడండి, అదీ మానుకోవాలి. నేనూ అలా ఇచ్చినదాన్నే!

అమ్మాయి పరీక్షలు రాసింది. మొన్న సంక్రాంతికి నా పట్టుచీర కట్టుకుని ముగ్గు దగ్గర నిలబడితే ఫొటో తీశాను. చేతులు ఊరుకోక గ్రూపు తెరిచి, ఆగి, "పెట్టనా?" అనడిగాను. "వద్దమ్మా, కళ్లు మూసుకుపోయాయి. ఇంకోటి తీయి" అంది. మళ్లీ తీశాను. అది చూసి మా ఆడపడుచు హైదరాబాదు నుంచి వెంటనే ఫోన్ చేసింది, "వదినా, ఆ చీర ఎక్కడ కొన్నావు?" అంటూ.