నొప్పి పుట్టే పాదం, నొప్పి తెలియని పాదం

సోమవారం ఉదయం మా ఆసుపత్రి ఓపీ ముందు బల్లల మీద పాదం బాధతో వచ్చినవారు ఎప్పుడూ కొందరుంటారు. మడమ నేల మోపలేక గోడ పట్టుకుని నడిచే ఇల్లాలు, చీలమండ వాచి కొడుకు భుజం మీద చెయ్యేసి కుంటుతూ వచ్చే రైతు. వాళ్లను చూడగానే ఎవరైనా జరిగి చోటిస్తారు. అదే వరుసలో మామూలుగా నడిచి వచ్చి, కాలికి పాతగుడ్డ చుట్టుకుని కూర్చున్న పెద్దమనిషి కూడా ఉంటారు. "నొప్పేమీ లేదండీ, చిన్న పుండు. మానడం లేదు. ఏదైనా మందు రాసివ్వండి చాలు" అంటారు. మేము ముందుగా లోపలికి పిలిచేది ఆయననే. ఎందుకో తర్వాత చెబుతాం. ముందు నొప్పి పుట్టే పాదాల సంగతి చూద్దాం.

తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టుండడం, పదడుగులు నడిచాక కాస్త సర్దుకోవడం, సాయంత్రానికి మళ్లీ మొదలవడం. మడమ నొప్పి లక్షణాలు ఇవే. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా, విల్లుకు నారి కట్టినట్టు, అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవారికి, ఒళ్లు బరువైనవారికి, గ్రానైటు, పాలరాతి నేల మీద రోజంతా వట్టికాళ్లతో తిరిగేవారికి ఆ పొర మడమ దగ్గర దెబ్బతింటుంది. ఎక్స్‌రే తీస్తే కొందరికి అక్కడ ముల్లులాంటి ఎముక కనబడుతుంది. "ఎముక పెరిగిందట డాక్టరుగారూ, కోసి తీసేయాలా?" అని ఫిలిం పట్టుకుని కంగారుగా వస్తారు. అలాంటి ముల్లు ఏ నొప్పీ లేనివారి మడమల్లోనూ ఉంటుంది. దాన్ని చూసి భయపడనక్కరలేదు.

దీనికి అసలు వైద్యం మీ చేతిలోనే ఉంది. మంచం దిగకముందే కాలు చాపి, తుండుగుడ్డను పాదం ముందుభాగానికి వేసి, రెండు చేతులా మీ వైపు లాగి అర నిమిషం ఉంచండి. నాలుగైదుసార్లు చేయండి. తర్వాత గోడకు చేతులాన్చి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకు వాలితే పిక్క సాగుతుంది. చెప్పులు గుమ్మం బయట విడవడం మన అలవాటు కాబట్టి ఇంట్లో తిరగడానికి మెత్తటి చెప్పుల జత ఒకటి వేరుగా పెట్టుకోండి. వారం చేసి గుణం లేదని మానేసేవారే ఎక్కువ. ఇది నెలల మీద తగ్గే నొప్పి, ఏడాదిలోపు చాలామందికి తగ్గిపోతుంది. అప్పటికీ తగ్గనివారికి ఇంజెక్షను ఇస్తాం. కానీ దాన్ని పదే పదే చేయించుకుంటే ఆ పొర తెగిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషను దాకా వెళ్లేవారు బహు తక్కువ.

చీలమండ బెణుకు ఎక్కువగా గట్టు మీద కాలు జారినప్పుడో, బస్సు మెట్టు దిగేటప్పుడో, పాదం లోపలికి మడతపడితే వస్తుంది. బయటివైపు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు సాగడమో, కొంత చిరగడమో జరుగుతుంది. మొదటి రెండు రోజులూ మర్దనా, వేడి కాపడం వద్దు. ఐసుముక్కలు గుడ్డలో కట్టి పావుగంట చొప్పున పెట్టండి, క్రేప్ బ్యాండేజి చుట్టండి, పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉంచండి. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే ఓర్వలేనంత నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. నాటుకట్టు వేయించుకుని వచ్చేవారిని మేము కోప్పడం. అయితే కట్టు బిగిసి వేళ్లు చల్లబడినా, నల్లబడినా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా విప్పించి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వాపు తగ్గాక గోడ పక్కన ఆ ఒంటికాలి మీద రోజూ కాసేపు నిలబడడం సాధన చేయండి. ఇది చేయనివారికే మళ్లీ మళ్లీ అదే కాలు బెణుకుతుంటుంది.

ఆనెకాయలు, మడమ పగుళ్లు అందరికీ తెలిసినవే. ఆనెకాయను బ్లేడుతో కోసుకోకండి. పగుళ్లకు స్నానం కాగానే వాజిలీనో కొబ్బరినూనో రాస్తే చాలు.

ఇక గుడ్డ చుట్టుకున్న పెద్దమనిషి దగ్గరకు వద్దాం.

కుష్ఠురోగుల వేళ్లూ పాదాలూ ఆ జబ్బుకే కుళ్లి రాలిపోతాయని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మేవారు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ ఆ మాటను ఒప్పుకోలేదు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టినవారు. జబ్బు నరాలను మొద్దుబారుస్తుంది, నొప్పి తెలియని మనిషి తన చేతులనూ కాళ్లనూ తానే గాయపరచుకుంటాడు అని ఆయన, ఆయన సహచరులు రోగుల వెంట ఉండి గమనించారు. రాత్రికి రాత్రి వేళ్లు ఎలా పోతున్నాయో కాపలా ఉండి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. ఆ తర్వాత ఇంటికి వెళ్లే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారట.

ఒకసారి బ్రాండ్‌గారు సుదీర్ఘ ప్రయాణం చేసి లండన్ చేరి, రాత్రి మేజోళ్లు విప్పుతుండగా ఒక మడమకు స్పర్శ లేదని గమనించారు. పిన్నుతో గుచ్చుకున్నారు. రక్తం వచ్చింది, నొప్పి రాలేదు. తనకూ కుష్ఠు సోకిందనుకుని రాత్రంతా నిద్ర లేకుండా గడిపారు. తెల్లవారి మళ్లీ గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంది! రైల్లో కదలకుండా కూర్చోవడంతో నరం నొక్కుకుపోయింది, అంతే. నొప్పి కలిగినందుకు ఆయన ఎంతో సంతోషించారు.

నేడు మా దగ్గరకు వచ్చే స్పర్శ లేని పాదాల్లో ఎక్కువ భాగం షుగరువారివి. ఏళ్ల తరబడి చక్కెర అదుపు తప్పితే పాదాల నరాలే ముందుగా దెబ్బతింటాయి. మొదట తిమ్మిరి, మంట, దూది మీద నడిచినట్టుండడం. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచి వెళ్తుంటే అది గట్టి హెచ్చరిక. ఒక తాపీమేస్త్రీ చెప్పు అడుగున దిగిన మేకుతో రోజంతా పనిచేసి, రాత్రి రక్తం చూసిన భార్య చెబితే గాని ఎరగడు. పసుపు అద్ది పది రోజులు గడిపి వచ్చాడు. అప్పటికే చీము ఎముకకు పట్టింది. కాలు దక్కింది గాని రెండు వేళ్లు తీయక తప్పలేదు.

అలాంటి పాదాన్ని మేము సన్నని నైలాను పోగుతో పలుచోట్ల తాకి స్పర్శ చూస్తాం, పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తాం. అరికాలి పుండుకు మందు పైపూత మాత్రమే చాలదు. పైన కట్టు, కింద నడక సాగుతుంటే ఆ పుండు మానదు. బరువు పడకుండా పాదానికి అతుక్కునేలా ప్లాస్టరు కట్టు వేస్తాం. అదీ చీము, రక్తప్రసరణ చూశాకే. కూలికి వెళ్తేగాని ఇల్లు గడవని మనిషిని వారాల తరబడి కాలు దింపవద్దనడం మాకూ సులువు కాదు. అందుకే ఇంట్లోవారిని కూడా పిలిచి మాట్లాడతాం. మానాక మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు ఇస్తాం. కుష్ఠు పాదాల కోసం బ్రాండ్‌గారి బృందం వాడుకలోకి తెచ్చినవే ఇవి. మరొక మాట: షుగరువారికి ఒక పాదం నొప్పి లేకుండా వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే బెణుకని ఊరుకోవద్దు. లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. నడక ఆపి ఆరోజే రండి.

షుగరు ఉన్నవారు రాత్రి పడుకోబోయే ముందు అరికాలు కింద అద్దం పెట్టి చూసుకోండి. చూపు ఆననివారికి మనవళ్లు చూసిపెట్టాలి. వేడినీళ్లలో కాలు పెట్టేముందు ఇంట్లో మరొకరి చెయ్యి పెట్టించి చూడండి. ఆనెకాయ పట్టీలు అంటించుకోకండి. చెప్పు వేసుకునే ముందు దులపండి. మా దగ్గరకు వచ్చేటప్పుడు మాత్రం కొత్త చెప్పులు వద్దు, రోజూ వేసుకునేవే వేసుకురండి. వాటి అడుగు ఎక్కడ అరిగిందో కూడా మేము చూడాలి.