కమలాపురమున పెరటితోట

పెరటితోట యనగానే చాలమంది విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు మాటలాడుదురు. కమలాపురమువంటి మెట్టసీమలో తోట వేయదలచినవాడు వానికంటె ముందు నీటిలెక్క చూచుకొనవలెను. ఇది నేను పుస్తకములలో చదివి నేర్చినది కాదు. ఒక వేసవి నష్టపడి, కొంత సిగ్గుపడియు నేర్చినది. విద్యార్థులలో కొందఱు తమ యిండ్లవద్ద పాదులు చేయ నుత్సహించుచున్నారని విని, వారికి పనికివచ్చునేమో యని దీనిని వ్రాయుచున్నాను.

మన యూరు పాపఘ్ని యొడ్డున నున్నది. ఈ యేఱు కర్ణాటకములోని నందికొండలలో పుట్టి, మన యూరికి సమీపమున పెన్నలో కలియుచున్నది. పేరునకు నదియే గాని, ఏడాదిలో పెక్కుమాసములు ఇసుక తప్ప మఱేమియు కానరాదు. కడప జిల్లాలో సగటున ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో చాలభాగము జూన్ మొదలు నవంబరు లోపలనే కురిసిపోవును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడిన అది సరిగా ఒక లీటరు నీరగును. అట్లయిన 40 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాది పొడుగున పడు వాన 28,000 లీటర్లు. వినుటకు గొప్పగానే యున్నది. కాని తోటకు నీరు మిక్కిలి కావలసిన మే నెలలో ఆకాశమునుండి వచ్చునది స్వల్పము. ఆ యెండలో కూరమడికి చదరపు మీటరుకు దినమునకు ఏడెనిమిది లీటర్లయినను పోయవలెను. నా మొదటి తోట 20 చదరపు మీటర్లు. అనగా దినమునకు 150 లీటర్లు. 12 లీటర్ల బిందెతో పండ్రెండు పదుమూడు బిందెలు. ఈ కూడికలు గుణకారములు నేను ముందుగా చేసికొని యుండినచో ఈ వ్యాసము వ్రాయ నవసరమే లేకపోయెడిది.

ఫిబ్రవరి చివర టమాటా, వంగ, బెండ, కొత్తిమీర, బీర యన్నియు ఒక్కసారిగా వేసితిని. మొలకలు మన్ను పగులదీసికొని తలలెత్తిన నాటి సంతోషము చెప్పనలవి కాదు. తెల్లవారకముందే పెరటిలోనికి పోయి, రాత్రికి రాత్రి ఎన్ని ఆకులు వేసినవో లెక్కించుచుంటిని. మార్చి గడచినది. ఏప్రిలు నెలలో మూడిండ్లవారికి ఉమ్మడిగా నున్న బావిలో నీరు అడుగంటసాగెను. చేంత్రాడునకు మఱి రెండు మూరలు కలుపవలసి వచ్చెను. అయినను నేను పోయుట మానలేదు. ఒకనాటి సాయంకాలము పొరుగింటి అవ్వ ఖాళీ కడవతో బావిగట్టున కూర్చుండి, “ఏమి నాయనా, బాయి నీళ్లన్నీ నీ చెట్లకే పోస్తే మేమేమి తాగేది?” యని యడిగెను. ఆమె గొంతున కోపము లేదు. నాకు బదులు తోచలేదు. “ఇక పొయ్యనులే అవ్వా” యని మాత్రము చెప్పి, నా చేతిలోని బిందెను ఆమె కడవలో వంచితిని.

నాలుగు దినములలో టమాటా చెట్లు వాడి వ్రాలినవి. తరువాత నాకు తెలిసిన సంగతి యింకను నొప్పించినది. ఆ చెట్లకు నీరు పోసినను ఫలము దక్కెడిది కాదు. టమాటా పూవులోని పుప్పొడి వేడికి ఓర్వలేదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రులును చల్లబడనిచో పూవులు పిందె కట్టక రాలిపోవును. మన కడప సీమలో ఏప్రిలు మే నెలలలో ఎండ 40 డిగ్రీలు మించుట సామాన్యము. కాయని చెట్లకై మూడిండ్లవారి త్రాగునీటిని నేను వ్యయము చేసితినన్నమాట. ఈ సీమలో టమాటాకు ఆగష్టు సెప్టెంబరులలో నారు పోసి, వానల వెనుక నాటి, చలికాలమున కోయుట మేలు. కొత్తిమీరయు చలికాలపు పైరే. వేసవిలో ఆకు వేయకముందే పూతకు వచ్చును. ధనియము చూపునకు ఒక్క గింజవలె నున్నను అందు రెండు విత్తనములు కలవు గనుక, తేలికగా నలిపి రెండు బద్దలుగా చేసి చల్లవలెను.

నేలను గూర్చి కొంచెము. మన పరిసరములలో నల్లరేగడి విస్తారము. వానకు ఉబ్బి బంకయై కాలిని పట్టుకొనును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, మొక్కల సన్నని వేళ్లను త్రెంపివేయును. దీనిని గుల్లచేయుటకు ఏటి యిసుకను నాలుగు గంపలు కలిపితిని. మఱునెలలో అది యిటుకరాయివలె గట్టిపడినది. కొలదిపాటి యిసుక రేగడిని మార్చజాలదు. మాగిన పశువుల పెంట, రాలిన ఆకులు, వంటింటి తొక్కలు ఏటేట కలుపుటయే ఉపాయము. నేలలో సున్నపుపాలు హెచ్చుగా నుండుట మఱియొక చిక్కు. మన యిండ్లలో పఱచుకొను కడప బండ సున్నపురాతి జాతియే గదా. అట్టి నేలలో ఇనుము ఉన్నను మొక్కకు అందదు. లేత ఆకులు పసుపు వన్నెకు తిరిగి, ఈనెలు మాత్రము పచ్చగా నుండును. దానిని చూచి నీరు చాలలేదని మఱింత పోయువారున్నారు, నేనును పోసితిని.

ఇక బీరపాదు సంగతి. “పూలు విరగబూచినవి, ఒక్క కాయయు లేదు” అని మొఱపెట్టుకొనని క్రొత్త తోటవాడు లేడు. బీర, సొర, గుమ్మడి జాతులలో మగపూలు వేఱు, ఆడపూలు వేఱు. ఆడపూవునకు రేకుల క్రింద చిన్నపిందె యాకారము ముందుగానే యుండును. మగపూవునకు వట్టి కాడయే. బీరలో మగపూలు గుత్తిగాను ఆడపూవు ఒంటిగాను వచ్చును. మొదట పూచునవి చాలవఱకు మగవే. ఎండ హెచ్చినను, పెంట మితిమీరి వేసినను వాని సంఖ్య మఱింత పెరుగును. కాబట్టి కొన్నాళ్లు ఓపిక పట్టవలెను. ఆడపూలు వచ్చియు పిందెలు పండుబారి రాలుచున్నచో పురుగుల రాకపోకలు చాలలేదని యర్థము. అపుడు మనమే మగపూవును కోసి, రేకులు తీసివేసి, దాని పుప్పొడిని ఆడపూవు నడిమి కీలాగ్రమునకు మెల్లగా అద్దవలెను. వేళ తెలిసియుండుట ముఖ్యము. గుమ్మడిపూలు తెల్లవాఱుజామున విచ్చును. బీర, సొరపూలు సాయంకాలమున విచ్చును. ఉదయమున బీరపూలకు పుప్పొడి అద్దుచు నేనొక వారము వ్యర్థపుచ్చితిని. తరువాత ప్రొద్దు గ్రుంకిన వెనుక దీపము పట్టుకొని పోయి అద్దితిని. మూడవనాటికి పిందె వ్రేలెడాయెను. ఆ పిందెను ఇంటిల్లిపాదికి చూపితిని. కూర వండుటకు మాత్రము నాకు మనసొప్పలేదు. అది ముదిరి విత్తనమునకు మిగిలినది.

చీమలు తోటకూర విత్తులను ఎత్తుకొనిపోవుట, ఉడుతలు పిందెలు కొఱుకుట, కంపలో సందు చూచి మేక దూరి ఒక్క గడియలో మూడు నెలల శ్రమను మేసిపోవుట మొదలగువాని గూర్చి ఎంత వ్రాసినను తీరదు. మేకను తిట్టి ప్రయోజనము లేదు. కంప సరిగా నాటనివాడను నేనే.

రెండవ యేట తోటను ఆఱు చదరపు మీటర్లకు కుదించితిని. ప్రతి పాదునడుమ రంగు పూయని మట్టికుండను మెడవఱకు పూడ్చి, నీరు నింపి, మూకుడు మూసితిని. చుట్టుపట్ల మన్ను ఎండినకొలది కుండ గోడలనుండి నీరు ఊరును. మన్ను తడిసినపుడు ఊరుట తగ్గును. పైనేల పొడిగా నుండుటచే ఎండకు ఆవిరియగునది స్వల్పము, కలుపును తక్కువ. ఇది క్రొత్త యుక్తి కాదు. క్రీస్తునకు పూర్వము 1వ శతాబ్దమున చీనాదేశములో ఫాన్ షెంగ్జి యను నాతడు వ్రాసిన వ్యవసాయ గ్రంథమున ఈ విధము చెప్పబడినది. మన బావినీటిలోని సున్నము కుండ రంధ్రములను క్రమముగా పూడ్చివేయును గనుక, ఊట తగ్గినపుడు కుండను మార్చవలసి యుండును. తక్కిన నీటికి జలదారి యున్నది. స్నానపు నీటిని అరటికిని చేమకును కాలువ తీసితిని. పచ్చిగా తిను ఆకులకు ఆ నీరు పోయరాదు.

పంట నష్టమై దిగులుగా నున్న దినములలో విలియం కేరీగారి సంగతి నాకు జ్ఞప్తికి వచ్చెడిది. 1793లో వంగదేశమునకు వచ్చిన ఈ మిషనరీ 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1820లో కలకత్తాలో వ్యవసాయ ఉద్యాన సంఘమును స్థాపించెను. ఆయన ఎంతో శ్రమపడి పెంచిన శ్రీరామపురపు తోటను 1823 నాటి వరద పాడుచేసినది. ఆయన మఱల నాటించెను. ఇంగ్లాండునుండి వచ్చిన విత్తనపు సంచిని ఖాళీచేసిన పిదప, అందు మిగిలిన ధూళిని ఒక నీడమూలను దులుపగా, కొన్నాళ్లకు అచ్చట స్వదేశపు డెయిసీ మొక్క మొలచినది. ముప్పదియేండ్లుగా చూడని ఆ చిన్నపూవును చూచి ఆయన పొందిన యానందము ఇంతింత కాదు. ఈ దేశమున ఆ మొక్క ఏడాదికంటె నిలువకుండుటచే, ఏటేట విత్తనము దాచి మఱల మొలపించుచుండెను.

మా బీరపాదు ఇపుడు గోడదాటి పొరుగింటి పెరటిలోనికి ప్రాకినది. అవ్వ బియ్యము కడిగిన నీటిని ప్రతిదినము తెచ్చి గోడమీదినుండి దాని మొదట పోయుచున్నది. తన వైపు వ్రేలాడు కాయలను నన్నడుగకయే కోసికొనుచున్నది.