చదువు వీసాపై దుకాణం పెట్టవచ్చునా?

హైదరాబాద్: తెల్లవారగానే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దారిన పుస్తకాల సంచులతో కుర్రవాళ్ళు బయలుదేరుతారు. అశోక్‌నగర్ సందుల్లో హాస్టళ్ళు, నారాయణగూడ దాకా శిక్షణ కేంద్రాల బోర్డులు. జిల్లాల నుంచి వచ్చిన వీరిలో ఎక్కువమంది సర్కారు కొలువు కోసం చదువుతుంటే, కొందరు అమెరికా దారి పడతారు. గదిలో అన్నం వండుకుని, కర్రీ పాయింటులో పప్పు, వేపుడు పొట్లాలు కట్టించుకోవడం ఇక్కడి అలవాటు. “అమెరికాలో మనవాళ్ళకు ఇలాంటి కూరలు అమ్మితే?” అన్న ఆలోచన పుట్టేది ఇక్కడే.

ఆలోచన మంచిదే. కాని చదువు వీసా మీద వెళ్ళినవారు ఆ దుకాణం నడపవచ్చునా? ఈ సంగతి కుర్రవాళ్ళకే కాదు, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకూ తెలియాలి.

అప్పు తొందరపెడుతుంది

చాలా బ్యాంకులు చదువు అప్పుకు వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవు. దాంతో కొందరు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 40 వేలు. ఆ బరువు గుర్తుకొచ్చినప్పుడల్లా కుర్రవాడికి నాలుగు డాలర్లు సంపాదించాలనిపిస్తుంది. తప్పటడుగు పడేది అక్కడే.

భూమి ఉండవచ్చు, నాగలి పట్టరాదు

అమెరికా ఇచ్చే ఎఫ్-1 వీసా చదువుకోవడానికి. తరగతులు నడిచే రోజుల్లో కాలేజీ ఆవరణలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చును. బయట పని చేయాలంటే విడిగా అనుమతి కావాలి. సొంత దుకాణంలో చేసిన పని కూడా పని కిందికే వస్తుంది. “నా దుకాణమే కదా, జీతం తీసుకోలేదు కదా” అంటే చెల్లదు. కంపెనీలో వాటా కొని ఊరుకుంటే మాత్రం అభ్యంతరం లేదు. కౌలుకిచ్చిన పొలం లాంటిదే ఇది. భూమి పేరున ఉండవచ్చు, నాగలి మాత్రం పట్టరాదు.

తలుపు తెరిచేది ఒక్క ఏడాదే

చదువు పూర్తయ్యాక ఓ.పి.టి. అనే 12 నెలల పని అనుమతి దొరుకుతుంది. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. కార్డు చేతికి వచ్చి, అందులోని తేదీ మొదలైన తరువాత సొంత వ్యాపారం చేయవచ్చును. అయితే అది చదివిన చదువుకు సంబంధించినదై ఉండాలి. లైసెన్సులు, వ్యాపారం నిజంగా నడుస్తున్నదనే రుజువులు ఉండాలి. కంప్యూటర్ చదివినవారు సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టుకోవచ్చు, కూరల దుకాణం కుదరదు. మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండరాదు.

సైన్సు, ఇంజనీరింగు వారికి మరో 24 నెలల పొడిగింపు ఉన్నది. దానికి శిక్షణ ఇచ్చే యజమాని వేరే ఉండాలి. తనకు తానే యజమానిగా సంతకం చేసుకోవడం చెల్లదు.

2011 నాటి పాఠం

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అమెరికా అధికారులు దాడి చేశారు. చదివేవారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో పరికరాలు కట్టారు. యజమానురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. అది వ్యాపారం గొడవ కాదు, అయినా పాఠం ఒక్కటే: వీసా హోదా పోతే ఏజెంటు వెంట రాడు, అప్పు మాత్రం ఇంటికొస్తుంది.

అందుకే ప్రతి కాలేజీలోనూ విదేశీ విద్యార్థులకు డి.ఎస్.ఓ. అనే అధికారి ఉంటారు. నిబంధనలు మారుతుంటాయి కనుక దుకాణం పెట్టే ముందు ఆయననే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. “వ్యాపారం పెడుతున్నా, డబ్బు పంపండి” అని ఫోను వస్తే తల్లిదండ్రులు రెండు మాటలు అడగాలి: అందులో పని చేసేది ఎవరు? పని అనుమతి కార్డు చేతికి వచ్చిందా? ఈ రెండింటికీ సరైన జవాబు వచ్చేదాకా రూపాయి పంపరాదు.