గుండెకు కావలి యంత్రము: మార్చవలెనా, మానవలెనా?

బి.పి., షుగరు అను మాటలవలెనే ‘ఛాతీలో మిషన్’ అను మాట కూడ నేడు మన ఇండ్లలో వినవచ్చుచున్నది. ఆ మిషన్ బ్యాటరీ అయిపోవచ్చినదని డాక్టరు చెప్పగానే ఇంటివారందరు ఖర్చు, తారీఖు, ముఖేడ్ నుండి పెద్ద ఊరికి ప్రయాణము - వీనిని గూర్చియే ఆలోచింతురు. అసలు మార్చవలెనా అని అడుగువారు అరుదు. ఆ ప్రశ్న అడుగుట తప్పు కాదనియు, అడిగి తీరవలెననియు మా మనవి.

ముందుగా ఒక తేడా తెలిసికొనవలెను. గుండె మందగించినపుడు దానిని నడిపించునది పేస్‌మేకర్. గుండె లయ తప్పి విపరీతముగా కొట్టుకొనునపుడు షాకు ఇచ్చి ప్రాణము నిలుపునది డిఫిబ్రిలేటర్, డాక్టర్లు ఐ.సి.డి. అందురు. పోలండులో జన్మించిన మిషెల్ మిరోవ్‌స్కీ అను వైద్యుడు, తన గురువు హారీ హెల్లర్ 1966లో గుండె లయ తప్పి మరణించగా, ఇట్టి యంత్రమును చేయ సంకల్పించెను. 1980 ఫిబ్రవరి 4న అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో దానిని మొదటిసారి మనిషికి అమర్చిరి.

దీని బ్యాటరీని విడిగా మార్చుటకు వీలు లేదు. పెట్టె మొత్తము మార్చవలెను. గుండెలోనికి పోవు తీగెలు బాగున్నచో వానినే ఉంచుదురు. మార్చుకొను సమయము వచ్చినదని యంత్రము తెలిపిన తరువాత సాధారణముగా సుమారు 3 నెలలు గడువుండును. కనుక కంగారు పడనక్కరలేదు. అట్లని కాగితము అలమరలో పెట్టి మరచిపోరాదు.

మరల ఆలోచించుట ఎందుకు? యంత్రము అమర్చిన నాటి మనిషి వేరు, నేటి మనిషి వేరు. కొందరికి మందులతో గుండె బలము పుంజుకొని ఉండును. కొందరికి వయసు మీరి, మూత్రపిండముల జబ్బో, క్యాన్సరో, మతిమరపో తోడై ఉండును. ఈ యంత్రము ఆపగలిగినది ఆకస్మిక మరణమును మాత్రమే. డెన్మార్కులో 1,116 మందిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధన ఈ సంగతిని చెప్పుచున్నది. వారు రక్తనాళముల జబ్బు లేకనే గుండె బలహీనమైనవారు. యంత్రమున్నవారిలో ఆకస్మిక మరణములు సుమారు సగమునకు తగ్గినవి గాని, మొత్తము మరణములలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వయసు తక్కువవారికే మేలు ఎక్కువ కనబడినది.

మార్చుటలోను కొంత అపాయమున్నది. 2010లో అమెరికాలో వెలువడిన లెక్క ప్రకారము, పెట్టె మాత్రమే మార్చినవారిలో 100కు 4గురికి ఆరు నెలలలో పెద్ద చిక్కులు వచ్చినవి. కొత్త తీగెలు కూడ వేయబోయినవారిలో 100కు 15గురికి. చీము పట్టినచో తీగెలతోసహా మొత్తము తీసివేయవలసి రావచ్చును.

అయినను మార్చుకొని మేలు పొందినవారెందరో. అమెరికా ఉపాధ్యక్షుడుగా ఉండిన డిక్ చెనీ 2001లో దీనిని అమర్చుకొని, 2007లో మార్పించుకొని, 2012లో గుండె మార్పిడి వరకు నిలిచెను. ఒకసారి గుండె ఆగి బ్రతికినవారికిని, యంత్రము షాకిచ్చి కాపాడినవారికిని మార్చుటవైపే మొగ్గు ఎక్కువ.

కనుక డాక్టరును ఈ ప్రశ్నలు అడుగుడు. మొదట దీనిని ఎందుకు వేసిరి? ఇన్నేండ్లలో ఒక్కసారైనను అవసరమైన షాకు ఇచ్చినదా? ఇప్పుడు గుండె బలమెంత? తీగెలు బాగున్నవా? గుండె నడుచుటకు పేస్‌మేకర్ పని కూడ దీనిమీదనే ఆధారపడి ఉన్నదా? ఉన్నచో, షాకు లేని పేస్‌మేకర్ మాత్రము పెట్టవచ్చునా? మొత్తము ఖర్చెంత?

ఇక అసలు మాట. దవాఖానాలో మాట మరాఠీలో, కాగితము ఇంగ్లీషులో, ఇంటిలో చర్చ తెలుగులో. ఈ మూడింటి నడుమ ఎవరి ఛాతీలో యంత్రమున్నదో ఆ పెద్దమనిషిని అడుగుట మరచుచున్నాము. “నాయనకు భయము, చెప్పవద్దు” అని కొడుకులే నిర్ణయింతురు. ఆయనను కూర్చోబెట్టి తెలుగులో నెమ్మదిగా చెప్పుడు. అకస్మాత్తుగా పోవుటయా, మంచము పట్టుటయా - దేనికి ఎక్కువ భయపడుచున్నారో ఆయన నోటనే వినుడు. వద్దనుట ఆత్మహత్య కాదు; గుండె తన దారిన తాను నడచును. తెలివిలో ఉన్న రోగికి చికిత్స వద్దనుకొను హక్కు గలదని 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు కూడ చెప్పినది.

మరి రెండు సంగతులు. అంత్యకాలము సమీపించినపుడు షాకును ఆపివేయుడని డాక్టరును కోరవచ్చును; దానికి కోత అక్కరలేదు, నొప్పియు ఉండదు. ఆపనిచో పోవు ప్రాణమునకు షాకులు తగిలి బాధ కలుగవచ్చును. దహనమునకు ముందు పెట్టెను తీయించవలెను; మంటలో బ్యాటరీ ప్రేలును.

మార్చినను మంచిదే, మానినను మంచిదే. ఆ మాట పెద్దవారిదై ఉండవలెను. వచ్చిన గడువు మూడు నెలలలో ఒక సాయంకాలమైనను ఆయన దగ్గర కూర్చుండి అడుగుడు.