తీసుకోవడం, అతికించడం, దిద్దుకోవడం



మా పావగడ వైపు బడిలో పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చే తల్లులు అప్పుడప్పుడు ఫోన్ చేత్తో పట్టుకుని తరగతి గుమ్మం దగ్గర నిలబడతారు. "సార్, రోంత ఈ నంబరొక్కటి మా తమ్మునికి పంపండి సార్" అంటారు. చూస్తే పది వరుసల సందేశంలో ఎక్కడో నడుమ బ్యాంకు ఖాతా నంబరు ఉంటుంది. నేను లేనిరోజు ఆ నంబరును ఓ కాగితం మీద రాసుకుని, కాగితంలో చూస్తూ మళ్ళీ ఫోన్లో ఒక్కొక్క అంకే నొక్కుతారు. రాసుకునేటప్పుడు ఒక తప్పు జరగవచ్చు, నొక్కేటప్పుడు ఇంకొకటి. డబ్బు ఇంకెవరి ఖాతాలోనో పడితే దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో, తిరిగిన రోజుల కూలి ఎవరిస్తారో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకని ఈనాటి ప్రసంగంలో, ఫోన్లో ఒకచోట ఉన్న రాతను ఉన్నదున్నట్టు మరోచోటికి తీసుకుపోవడం ఎలా, తీసుకుపోయాక దిద్దుకోవడం ఎలా అన్న సంగతి ముచ్చటించుకుందాం.

కాపీ అనగానే మా పంతుళ్ళకు ముందు పరీక్ష హాలే గుర్తుకు వస్తుంది. ఇది ఆ కాపీ కాదు లెండి. వెనుకటి రోజుల్లో పత్రికల ఆఫీసుల్లో వ్యాసం వరుస మార్చాలంటే, కాగితాన్ని కత్తెరతో కత్తిరించి కావలసిన చోట జిగురుతో అంటించేవారు. కట్, పేస్ట్ అన్న మాటలు అక్కడివే. ఆ పనిని కంప్యూటరు తెరమీదికి తెచ్చినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్ అనే అమెరికన్. 1970వ దశకం నడిమి సంవత్సరాల్లో, జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో, టిమ్ మాట్ అనే సహచరుడితో కలిసి ఆయన ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. 2020లో కన్నుమూశారు. ఫోన్లకు మాత్రం ఇది అంత తేలిగ్గా అబ్బలేదు. 2007లో వచ్చిన మొదటి ఐఫోనులో కాపీ చేసే వీలే లేదు. 2009 దాకా ఆగవలసి వచ్చింది. వేలు లావు, అక్షరం సన్నం కదా!

ఇక పని. ఫోన్ దగ్గర ఉన్నవారు వింటూనే చేసి చూడవచ్చు. వాట్సాప్‌లో మీకు మీరే సందేశం పంపుకునే వీలుంది. సాధకం చేయడానికి అదే మంచిచోటు, తప్పు పోయినా ఎవరూ చూడరు. మీకు వచ్చిన ఒక సందేశం మీద వేలు పెట్టి, వెంటనే తీయకుండా ఒకటి రెండు అని లెక్కపెట్టండి. సందేశం రంగు మారుతుంది. అప్పుడు పైన ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు కాగితాల బొమ్మగానో, 'కాపీ' అన్న మాటగానో కనబడేదాన్ని నొక్కండి. ఇప్పుడు మీరు రాసే పెట్టెలోకి వెళ్ళి, ఖాళీమీద అలాగే వేలు ఆనించి ఉంచితే 'పేస్ట్' అని వస్తుంది. అది నొక్కితే పది వరుసలూ వచ్చి పడతాయి. పంపే బాణం గుర్తు ఇంకా నొక్కకండి.

మీకు కావలసింది ఆ పదిలో ఒక్క నంబరు. ఆ నంబరు మీద వేలు ఆనిస్తే అది ఒక్కటే రంగు మారి, రెండు చివరలా కన్నీటి బొట్టు ఆకారంలో రెండు గుర్తులు కనిపిస్తాయి. ఎడమ బొట్టును ఎడమకు, కుడి బొట్టును కుడికి లాగితే ఎంత కావాలంటే అంత మేర పట్టుకోవచ్చు. బొట్టును వేలితో కప్పేస్తే ఏమీ కనబడదు. కాస్త కిందుగా పట్టుకుని జరపండి. ఇలా పట్టుకున్నదాన్ని కాపీ చేస్తే నకలు తీసుకున్నట్టు, కట్ చేస్తే అసలే ఊడదీసుకున్నట్టు.

తీసుకున్నది ఎక్కడ ఉంటుంది అంటారా? ఫోన్ జ్ఞాపకంలో ఒక మూల. దాన్ని పైట కొంగు ముడి అనుకోండి. కొత్తది ముడివేస్తే పాతది జారిపోతుంది. కొన్ని కీబోర్డులు నాలుగైదు పాతవాటిని కొంతసేపు దాచి చూపిస్తాయి గాని, పేస్ట్ అన్నప్పుడు వచ్చేది ఆఖరున తీసుకున్నదే. ప్రమాదం ఇక్కడే. తమ్ముడి నంబరు కాపీ చేశామనుకుంటాం, వేలు జారి కాపీ పడదు, పేస్ట్ నొక్కితే పొద్దున ఎరువుల కొట్టువాడికి పంపిన నంబరు వచ్చి కూర్చుంటుంది. అదీ ఖాతా నంబరే, చూపుకు తేడా తెలియదు. అందుచేత అతికించిన తర్వాత చివరి నాలుగంకెలు అసలుతో పోల్చి చూడండి. బ్యాంకు పంపే ఓ.టి.పి.ని, పాస్‌వర్డును మాత్రం కాపీ చేసి ఎవరికీ పంపవద్దు, అడిగినవారు ఎవరైనా సరే.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడులో మొత్తం 11 గుర్తులు ఉంటాయి. మొదటి నాలుగూ ఇంగ్లీషు అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. చాలామంది చేత్తో కొట్టేటప్పుడు ఆ సున్నాకు బదులు ఇంగ్లీషు 'ఓ' కొడతారు. గుండ్రమే కదా అని మనం అనుకుంటాం, యంత్రం అనుకోదు. ఇలాంటివి కాపీ చేసుకోవడమే క్షేమం.

దిద్దడం దగ్గరికి వస్తే తెలుగుకు తనదైన చిక్కు ఒకటి ఉంది. 'స్త్రీ' అన్నది మనకు ఒక్క అక్షరం. ఫోన్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. చాలా ఫోన్లలో వెనక్కి చెరిపే మీట ఒకసారి నొక్కితే ఈత్వం ఒక్కటే పోయి 'స్త్ర' మిగులుతుంది. ఫోన్ చెడిపోయిందని కంగారు పడవలసిన పనిలేదు. మనం రాత్రిబడిలో గుణింతం నేర్చుకున్న వరుసలోనే అదీ విప్పుకుంటూ పోతుంది. ఒత్తు తప్పు పడితే అక్షరం నడుమకు దూరాలని చూడకండి. ఆ అక్షరం చివర వేలు తాటించి, తప్పు పోయేదాకా చెరిపి, అక్కడినుంచి కొత్తగా కొట్టండి. వేలు సరైనచోట పడకపోతే, చాలా కీబోర్డుల్లో కింద ఉన్న పొడుగుపాటి స్పేస్ మీట మీద వేలిని అడ్డంగా జరిపితే ఆ నిలువు పుల్ల అక్షరం అక్షరం జరుగుతుంది. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను, ముందే తెలిసి ఉంటే ఎంత విసుగు తప్పేదో!

కర్ణాటక సరిహద్దులో ఉన్న మనకు మరో ముచ్చట. తెలుగు, కన్నడ అక్షరాలు అక్కచెల్లెళ్ళు. 'గ', 'జ', 'ర', 'ల' వంటివి ఇంచుమించు ఒకే పోలిక. ఫోన్ మాత్రం రూపం చూడదు, అంకె చూస్తుంది. యూనికోడ్ అనే ప్రపంచ పద్ధతిలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా, కన్నడకు 3200 నుంచి 3327 దాకా స్థానాలు కేటాయించారు. పక్కపక్క ఇళ్ళే, నడుమ గోడ ఉంది. తెలుగు 'గ' 3095 అయితే కన్నడ 'గ' 3223. మా తరగతి జాబితాలో ఒక పిల్లవాడి పేరు ఎంత వెదికినా దొరకలేదు. కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది! తీరా చూస్తే కీబోర్డు కన్నడంలో ఉండగా పేరులో ఒక్క అక్షరం పడింది. దాన్ని అలాగే కాపీ చేసి నాలుగు జాబితాల్లో అతికించాను కూడా. దరఖాస్తులో పేరు అతికించేటప్పుడు అక్షరం ఒకటి మిగతావాటి కంటే కాస్త వేరు కొలతలో కనబడితే అనుమానించండి.

ఫోటోలో ఉన్న నోటీసు మీద వేలు ఎంతసేపు ఆనించినా అక్షరాలు అంటవు, అది బొమ్మ కాబట్టి. గూగుల్ లెన్స్ వంటివి బొమ్మలోంచి అచ్చు అక్షరాలను చదివి ఇస్తాయి. కాని థ, ధ, మ, య, వ, ప లను తారుమారు చేసే అవకాశం ఉంది, ఓసారి పైకి చదువుకోవాలి.

పైకి చదవకపోతే ఏమవుతుందో నా పొరపాటే చెబుతాను. 2023 ఆగస్టులో తల్లిదండ్రుల సమావేశం 4వ తేదీ శుక్రవారం. అంతకుముందు సమావేశపు సందేశాన్నే కాపీ చేసి, అతికించి, తారీఖు మార్చాను. 'శనివారం' అన్న పాత మాట అలాగే ఉండిపోయింది. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల లోపల దిద్దుకునే వీలు ఉంది. ఆ సందేశం మీదే వేలు ఆనిస్తే 'ఎడిట్' అన్న మాట దొరుకుతుంది. కాని నేను తిరిగి చూసుకుంటేగా! శుక్రవారం సగం మందే వచ్చారు. తక్కినవారు శనివారం పొద్దున్నే, వేరుశనగ చేలో కలుపు కూలి మానుకుని బడి ముందు నిలబడ్డారు. తారీఖు సరిగానే ఉంది కదమ్మా అని ఒకావిడతో అనబోయాను. "తారీఖులు మాకేం తెలుస్తాయి సార్, వారం చూసుకొని వస్తాం మేము" అంది.

అప్పటినుంచి పాత సందేశం అతికించగానే తారీఖు, వారం, గంట, చోటు నాలుగూ ముందు చెరిపేసి ఖాళీ పెడుతున్నాను. ఆ తర్వాతే ఒక్కొక్కటి కొత్తగా కొడుతున్నాను.